కుండీలో చిక్కుడు ఆకులు పండిపోతుంటే

కాయగూరలు ఎక్కువగా తినండి అని మేము చెప్పినప్పుడు, "డాబా మీద చిక్కుడు పెట్టామండీ, ఆకులన్నీ పసుపురంగుకు తిరిగి రాలిపోతున్నాయి, ఏ మందు కొట్టమంటారు?" అని అడిగేవారు చాలామంది ఉన్నారు. మందు సంగతి తరువాత. ఆకు ఎందుకు పండిందో ముందు తెలియాలి. మనిషికి కళ్ళు పచ్చబడితే కామెర్లు అంటాము. నిజానికి కామెర్లు జబ్బు కాదు, లోపలి జబ్బుకు గుర్తు. కాలేయం వాచినా, పిత్తనాళంలో రాయి అడ్డుపడినా కళ్ళు అలాగే పచ్చబడతాయి. చిక్కుడు ఆకు విషయమూ అంతే.

మొదట వేలిని రెండు అంగుళాల లోతుకు మట్టిలో గుచ్చి చూడండి. తడి తగిలితే, మొక్క వాడినట్టు కనబడినా సరే నీళ్ళు పోయవద్దు. మేము చూసినంతలో కుండీ చిక్కుడును పాడుచేసేది నీటి కొరత కన్నా నీరు ఎక్కువ కావడమే. మన డెల్టా నల్లమట్టి బంకగా ఉండి నీటిని వదలదు. కొల్లేరు చుట్టుపక్కల చేపలు ప్యాక్ చేసే థర్మోకోల్ పెట్టెలలో మొక్కలు పెంచుతుంటారు. పెట్టె మంచిదే గాని దానికి అడుగున రంధ్రం ఉండదు. నీరు నిలిస్తే వేళ్ళకు గాలి ఆడదు, కుళ్ళిపోతాయి. కుళ్ళిన వేరు నీటిని పీల్చలేదు కాబట్టి తడిలో ఉండి కూడా మొక్క వాడిపోతుంది. అది చూసి ఇంకో చెంబు పోస్తాము! అడుగున నాలుగైదు రంధ్రాలు పెట్టి, మట్టి, ఇసుక, బాగా మాగిన పశువుల ఎరువు సమానంగా కలిపి నింపండి. పురుగుమందు వచ్చిన డబ్బాలను మాత్రం ఎంత కడిగినా వాడవద్దు.

తడి సరిగానే ఉంటే, పండినది కింది ఆకా పై ఆకా అన్నది చూడండి. అడుగున ఒకటి రెండు ముదురు ఆకులు పండి రాలడం సహజం. కింది ఆకులన్నీ ఒకే తీరుగా పాలిపోయి, మొక్క ఎదగకపోతే నత్రజని చాలడం లేదు. చిక్కుడు వేళ్ళ మీద ఉండే బుడిపెలలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని మొక్కకు అందిస్తాయి. ఒక బుడిపెను గోటితో చీలిస్తే లోపల గులాబీరంగు కనబడాలి. ఆ రంగు మన రక్తంలోని హిమోగ్లోబిన్‌ను పోలిన పదార్థానిది, అందులోనూ ఇనుము ఉంటుంది. నీరు నిలిచిన మట్టిలో ఈ బుడిపెలు పనిచేయవు.

చివరి లేత ఆకులు పసుపుగా మారి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగిలితే ఇనుము అందడం లేదు. చాలాసార్లు మట్టిలో ఇనుము ఉంటుంది, సున్నం ఎక్కువైన బోరు నీటి వలన మొక్క దానిని తీసుకోలేదు. ఐరన్ మాత్ర వేసుకుని వెంటనే టీ తాగితే మాత్రలోని ఇనుము సరిగా ఒంటబట్టదని మేము గర్భిణీ స్త్రీలకు చెప్పేది ఇలాంటిదే. ఆకు అంచులు మాడి, కుండీ అంచున తెల్లటి పొర కడితే అది ఉప్పు. ఉప్పు బోరు నీరు, చేపల చెరువు నుండి వదిలిన నీరు మాని, కాలువ నీరు గాని వాననీరు గాని పోయండి.

ఆకు మీద పసుపు, ఆకుపచ్చ కలగలిపి మచ్చలు మచ్చలుగా ఉంటే పల్లాకు తెగులు. ఇది తెల్లదోమ మోసుకొచ్చే వైరస్. దీనికి మందు లేదు. మొక్కను పీకి దూరంగా పారవేయండి. ఈ వైరస్ మనుషులకు సోకదు, అప్పటికే కాసిన మంచి కాయలు వండుకోవచ్చు. సూది పొడిచినట్టు సన్నని చుక్కలు, ఆకు అడుగున సాలెగూడులాంటి దారాలు ఉంటే ఎర్రనల్లి. ఆకు అడుగుభాగాన్ని నీటితో గట్టిగా కడిగితే చాలావరకు పోతుంది. పేనుబంకకు లీటరు నీటిలో 5 మి.లీ. వేపనూనె, కొంచెం సబ్బు కలిపి సాయంత్రం పూట చల్లండి.

ఇన్నిటిలో ఎక్కడా ఘాటైన పురుగుమందు అవసరం రాలేదని గమనించండి. నీరు ఎక్కువై పండిన ఆకుకు ఆ మందు ఏమీ చేయదు. దాని మీద పడిన విషం మాత్రం కాయతో పాటు వంటింట్లోకి వస్తుంది. 2020 డిసెంబరులో ఏలూరులో వందలమంది ఉన్నట్టుండి మూర్ఛలతో పడిపోవడం మనకు తెలుసు. అప్పటి పరీక్షలలో కొందరి రక్తంలో సీసం, నికెల్ కనబడ్డాయి, పురుగుమందుల అవశేషాలూ బయటపడ్డాయి. పెరటిలో రెండు కుండీల కోసం చిన్న సీసాలో పోయించుకు వచ్చి, వంటగది గూటిలో పెట్టిన మందు ఇంకా ప్రమాదం. పిల్లలకు అది ఏమిటో తెలియదు. ఎవరైనా పొరపాటున తాగితే బలవంతంగా వాంతి చేయించవద్దు. ఒంటిమీద పడితే బట్టలు విప్పి సబ్బుతో కడగండి. చెమటలు, నోటి వెంట చొంగ, వాంతులు మొదలయ్యేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయండి. వచ్చేటప్పుడు ఆ సీసాను కూడా తీసుకురండి.

ఎంత చూసినా తెగులు తేలకపోతే, పండిన ఆకులు రెండు, పక్కనే ఉన్న మంచి ఆకు ఒకటి కవరులో వేసుకుని తాడేపల్లిగూడెం దగ్గర వెంకటరామన్నగూడెంలోని కృషి విజ్ఞాన కేంద్రంలో చూపించండి. ఏ నీరు పోస్తున్నారో, ఏ మట్టి వేశారో కూడా చెప్పండి.