ప్రోటీన్ బార్ కొంటున్నారా? పట్టిసీమ రేవు దాటేలోపు ఈ ఒక్క లెక్క వేసుకోండి!

పట్టిసీమ ప్రయాణం అంటే ఒకప్పుడు సంచిలో పులిహోర పొట్లం, నాలుగు సున్నుండలు, మంచినీళ్ల సీసా ఉండేవి. ఇప్పుడు సంచి పోయి బ్యాక్‌ప్యాక్ వచ్చింది. అందులో ఓ ప్రోటీన్ బార్ కూడా చేరింది. జిమ్‌కు వెళ్లే కుర్రాళ్లే కాదు, టిఫిన్ చేసే టైమ్ దొరకని ఉద్యోగులు, బరువు తగ్గాలనుకునేవాళ్లు, పిల్లల బాక్సులో ఏదో ఒకటి పెట్టాలనుకునే తల్లులు కూడా వీటిని కొంటున్నారు. మెడికల్ షాపు నుంచి సూపర్ మార్కెట్ బిల్లింగ్ కౌంటర్ దాకా ఎక్కడ చూసినా ఇవే కనిపిస్తున్నాయి.

పట్టిసీమలో వీరభద్రేశ్వరస్వామి ఆలయం గోదావరి మధ్యలో దేవకూట పర్వతంపై ఉంటుంది. అక్కడికి చేరాలంటే పడవ ఎక్కాలి. నీళ్లు తగ్గిన రోజుల్లో ఇసుక తిన్నెల మీద నడవాలి. ఆ తర్వాత మెట్లు ఎక్కాలి. మధ్యలో ఆకలేస్తే చేతిలో ఏదో ఒకటి ఉండాల్సిందే. మరి ఆ బార్ నిజంగా ప్రోటీన్ ఇస్తుందా? లేక పేరు మార్చుకున్న చాక్లెట్టేనా? కొనేముందు ఏం చూడాలి? ఎవరికి ఏది సరిపోతుంది? వివరంగా తెలుసుకుందాం.

రోజుకు ఎంత ప్రోటీన్ కావాలి?

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ (ఎన్ఐఎన్), ఐసీఎంఆర్ 2020లో ఇచ్చిన లెక్కల ప్రకారం ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు కిలో శరీర బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రోటీన్ అవసరం. అంటే 60 కిలోల మనిషికి దాదాపు 50 గ్రాములు. బరువులెత్తే వ్యాయామం రోజూ చేసేవాళ్లకు ఇంతకంటే ఎక్కువే కావాలని క్రీడా పోషకాహార నిపుణులు చెబుతారు.

ఇదేమీ అందుకోలేని లెక్క కాదు. ఉడకబెట్టిన ఒక కోడిగుడ్డులో 6 గ్రాములకు పైగా ప్రోటీన్ ఉంటుంది. గ్లాసు పాలలోనూ ఇంచుమించు అంతే. వేరుశనగ గుళ్లు, మినపప్పు, కందిపప్పు 100 గ్రాములు తీసుకుంటే 20 గ్రాములకు పైనే. సమస్యల్లా మన కంచంలో అన్నం కొండలా ఉండి, పప్పు చెంచాడే ఉండటం. వండిన అన్నం 100 గ్రాముల్లో ప్రోటీన్ 2 నుంచి 3 గ్రాములకు మించదు. అందుకే మధ్యాహ్నం కడుపు నిండినా ప్రోటీన్ లోటు మాత్రం అలాగే ఉండిపోతుంది. ఈ లోటును చూపించే బార్ల ప్రచారం నడుస్తోంది.

అయితే 2024 మే నెలలో ఎన్ఐఎన్ విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు ఒక విషయం గట్టిగానే చెప్పాయి. కండలు పెంచుకోవడానికి ప్రోటీన్ సప్లిమెంట్లు వాడొద్దని సూచించాయి. ఎక్కువ కాలం అతిగా వాడితే ఎముకల్లో ఖనిజాలు తగ్గే ముప్పు, కిడ్నీలకు నష్టం జరిగే ప్రమాదం ఉన్నాయని హెచ్చరించాయి. కాబట్టి బార్‌ను రోజూ భోజనంలా కాకుండా, అవసరం పడ్డప్పుడు పనికొచ్చే చిరుతిండిలా చూడటమే మేలు.

'రిచ్ ఇన్ ప్రోటీన్' అంటే ఎంత?

చాలామంది మోసపోయేది ఇక్కడే. ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధనల ప్రకారం 100 గ్రాముల ఘనాహారంలో రోజువారీ అవసరంలో 20 శాతం ప్రోటీన్ ఉంటే 'రిచ్ ఇన్ ప్రోటీన్' అని రాసుకోవచ్చు. పురుషుడి రోజువారీ అవసరం 54 గ్రాములు అనుకుంటే అందులో 20 శాతం అంటే సుమారు 11 గ్రాములు. అది కూడా 100 గ్రాములకు.

మనం తినే బార్ మాత్రం 100 గ్రాములు ఉండదు. 40 గ్రాముల బార్‌కు లెక్కేస్తే నాలుగున్నర గ్రాముల లోపే ప్రోటీన్ ఉన్నా ఆ మాట రాసుకోవడానికి అడ్డు లేదు. అంటే ఒక కోడిగుడ్డు కంటే తక్కువన్నమాట! ఇంకో తమాషా ఏంటంటే, సగం పల్లీలు, సగం బెల్లంతో చేసిన మామూలు పల్లీ చిక్కీ 100 గ్రాముల్లో 12 గ్రాముల వరకు ప్రోటీన్ ఉంటుంది. లెక్క ప్రకారం చిక్కీ కూడా ఆ గీత దాటేస్తుంది.

కొన్ని ప్యాకెట్ల మీద ముందువైపు కనిపించే పెద్ద అంకె 100 గ్రాములకు ఇచ్చింది అయ్యుంటుంది. అందుకే ముందువైపు కాదు, వెనకవైపు పట్టికలో ఒక బార్‌కు ఎంతో చూడాలి. అక్కడ 100 గ్రాముల లెక్క మాత్రమే ఉంటే, బార్ బరువును బట్టి మనమే లెక్క కట్టుకోవాలి.

గుర్తుంచుకోవాల్సిన ఒక్క భాగహారం

ప్యాకెట్ వెనక ఉన్న కేలరీలను ప్రోటీన్ గ్రాములతో భాగించండి. ఒక గ్రాము ప్రోటీన్ కోసం ఎన్ని కేలరీలు తింటున్నామో తెలిసిపోతుంది.

* 10 నుంచి 12 లోపు వస్తే అది నిజంగానే ప్రోటీన్ బార్. ఉదాహరణకు 60 గ్రాముల బార్‌లో 200 కేలరీలు, 20 గ్రాముల ప్రోటీన్ ఉంటే జవాబు 10.
* 12 నుంచి 20 మధ్య వస్తే మధ్యరకం. చిరుతిండిగా ఫర్వాలేదు.
* 20 దాటితే అది శక్తినిచ్చే తీపి వస్తువే. ప్రోటీన్ పేరు చెప్పి ఎక్కువ డబ్బు పెట్టాల్సిన పని లేదు.

ఇదే లెక్క ఇంట్లో తిండికి వేస్తే కోడిగుడ్డు 12 దగ్గర, వేయించిన శనగలు 17, 18 దగ్గర నిలుస్తాయి. 40 గ్రాముల పల్లీ చిక్కీలో 190 కేలరీల వరకు ఉంటే ప్రోటీన్ 5 గ్రాములే. జవాబు 38! మినపప్పు, బెల్లం, నెయ్యితో చేసే సున్నుండ కూడా ఇంచుమించు ఈ కోవలోదే. ఇవి చెడ్డవని కాదు. ఇవి బలాన్నిచ్చే తిళ్లు, కష్టపడే ఒంటికి బాగా పనికొస్తాయి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో మధ్యాహ్న భోజనంతో పాటు పిల్లలకు చిక్కీ ఇస్తున్నది కూడా అందుకే. ఆ పథకానికి ఇప్పుడు ఉన్నది కోనసీమలోని లంకల గన్నవరంలో ఆకలన్న ప్రతి ఒక్కరికీ అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ పేరే.

చక్కెర ఎక్కడ దాక్కుంటుంది?

ప్యాకెట్ మీద పదార్థాలను ఎక్కువ బరువున్నది ముందు, తక్కువది చివర వచ్చేలా రాస్తారు. మొదటి మూడు పేర్లు చదివితే చాలు, బార్ అసలు రంగు తెలుస్తుంది. వే ప్రోటీన్, మిల్క్ ప్రోటీన్, సోయా, బఠాణీ ప్రోటీన్, పల్లీ, బాదం లాంటివి ముందుంటే మంచిదే. గ్లూకోజ్ సిరప్, ఇన్వర్ట్ సిరప్, మాల్టోడెక్స్‌ట్రిన్ ముందుంటే కొంచెం ఆలోచించాలి.

పట్టికలో 'యాడెడ్ షుగర్' అన్న వరుస తప్పకుండా చూడాలి. పెద్దవాళ్లకు రోజు మొత్తం మీద అదనపు చక్కెర 25 గ్రాములు దాటకుంటే మంచిదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. ఒక్క బార్‌లోనే 12, 15 గ్రాములు పోతే ఇక కాఫీకి, టీకి మిగిలేది ఎంత? ఖర్జూరంతో చేసిన బార్ల మీద 'నో యాడెడ్ షుగర్' అని ఉంటుంది. అది అబద్ధం కాదు, కానీ ఖర్జూరంలో సహజంగా ఉండే చక్కెర ఉంటుంది. షుగర్ ఉన్నవాళ్లు 'టోటల్ షుగర్' అంకెతో పాటు మొత్తం కార్బోహైడ్రేట్లు కూడా చూసుకోవాలి.

'షుగర్ ఫ్రీ' బార్లలో మాల్టిటాల్, సార్బిటాల్ లాంటివి వాడతారు. ఇవి కొందరికి కడుపు ఉబ్బరం, విరేచనాలు తెప్పిస్తాయి. ఇవి 10 శాతం, అంతకంటే ఎక్కువ ఉన్నప్పుడు ప్యాకెట్ మీద ఆ హెచ్చరిక ఉండాలన్నది నిబంధన. షికోరీ వేరు నుంచి తీసే ఇనులిన్ అనే పీచు ఎక్కువగా ఉన్నా కొందరికి గ్యాస్ పడుతుంది. గోదావరి మీద గంటల కొద్దీ లాంచీ ప్రయాణం పెట్టుకుని, అంతకుముందు ఎప్పుడూ తినని షుగర్ ఫ్రీ బార్ ఆ రోజే మొదటిసారి తినడం అంత తెలివైన పని కాదు. ముందు ఇంట్లో ఒకటి తిని చూడాలి.

ఎవరికి ఏ బార్?

వ్యాయామం చేసి కండ పెంచాలనుకునేవాళ్లు: ఒక బార్‌లో 15 నుంచి 20 గ్రాముల ప్రోటీన్ ఉన్నది చూడాలి. పాల నుంచి తీసే వే ప్రోటీన్, లేదా సోయా ఉంటే శరీరానికి కావాల్సిన అమైనో ఆమ్లాలన్నీ అందుతాయి. కొల్లాజెన్‌నే ప్రధానంగా వాడిన బార్లలో అంకె పెద్దగానే ఉంటుంది. కానీ కొల్లాజెన్‌లో ట్రిప్టోఫాన్ అనే ముఖ్యమైన అమైనో ఆమ్లం ఉండదు. కండకు అది ఒక్కటే చాలదు.

బరువు తగ్గాలనుకునేవాళ్లు: 200 కేలరీల లోపు, 10 గ్రాములకు పైగా ప్రోటీన్, 4, 5 గ్రాముల పీచు ఉన్నది మేలు. అన్నం మామూలుగానే తిని దానిపైన బార్ కూడా తింటే మాత్రం బరువు తగ్గదు, పెరుగుతుంది. బరువు తగ్గడానికి చక్కెర లేని తీపి పదార్థాల మీద ఆధారపడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో సూచించిన సంగతి కూడా గుర్తుంచుకోవాలి.

ప్రయాణం, నడక, మెట్లు ఉన్న రోజు: ఇక్కడ కావాల్సింది ప్రధానంగా శక్తి. 20 గ్రాముల ప్రోటీన్ బార్ అక్కర్లేదు. ఓట్స్, పల్లీలు ఉన్న మామూలు బార్ గానీ, చిక్కీ గానీ, సున్నుండ గానీ సరిపోతుంది. దాంతో పాటు నీళ్లు బాగా తాగాలి.

టిఫిన్ మానేసి బార్ తినేవాళ్లు: ఏదో ఒకరోజు ఫర్వాలేదు గానీ రోజూ అలవాటు చేసుకోవద్దు. రెండు పెసరట్లు, లేదా రెండు ఇడ్లీలతో ఒక గుడ్డు ఇచ్చే తృప్తి బార్‌లో రాదు.

జేబుకు ఎంత పడుతుంది?

మార్కెట్‌లో బార్ ధర సైజును, కంపెనీని బట్టి సుమారు 60 నుంచి 150 రూపాయల దాకా ఉంటోంది. 20 గ్రాముల ప్రోటీన్ ఉన్న బార్ 100 రూపాయలు అనుకుంటే గ్రాముకు 5 రూపాయలు పడినట్టు. 7 రూపాయల కోడిగుడ్డులో గ్రాము ప్రోటీన్ రూపాయి పావలా లోపే. వేయించిన శనగలైతే ఇంకా తక్కువ. ఒక పిడికెడు, అంటే 40 గ్రాముల శనగల్లో 8 గ్రాముల వరకు ప్రోటీన్ వస్తుంది. బార్‌కు మనం ఇచ్చే ఆ అదనపు డబ్బు సౌకర్యానికి, రుచికి, ప్యాకింగ్‌కు ఇస్తున్నదే. నెలంతా రోజుకో బార్ తింటే 3 వేల రూపాయలు. చదువుకునే కుర్రాళ్లకు ఇది చిన్న మొత్తమేమీ కాదు.

రుచి సంగతేంటి?

ప్రోటీన్ ఎక్కువయ్యే కొద్దీ బార్ గట్టిగా, నమిలితే పంటికి అంటుకునేలా, కొన్నిసార్లు సుద్దముక్కలా అనిపిస్తుంది. తయారై నెలలు గడిచేకొద్దీ ఇంకా గట్టిపడుతుంది. అందుకే తయారీ తేదీ చూసి కొత్తది తీసుకోవాలి. సుక్రలోజ్, స్టీవియా వేసినవాటిలో చివర ఒక వింత తీపి నాలుక మీద మిగులుతుంది. అది కొందరికి నచ్చుతుంది, కొందరికి అస్సలు నచ్చదు. ఆఫర్ ఉంది కదా అని ఒకేసారి డబ్బా కొనేయకుండా ముందు ఒక్కటి కొని రుచి చూడటం మంచిది.

ఎండాకాలంలో ఇంకో ఇబ్బంది ఉంది. గోదావరి జిల్లాల్లో ఎండ 40 డిగ్రీలు దాటే రోజుల్లో చాక్లెట్ పూత ఉన్న బార్ రేవు చేరేలోపే కరిగిపోతుంది. కోకో వెన్న 34 డిగ్రీల దగ్గరే కరుగుతుంది మరి. అలాంటప్పుడు పూత లేని గింజల బార్ గానీ, చిక్కీ గానీ నయం.

గుడికి వెళ్లేవాళ్లు ఈ గుర్తు చూడండి

శివరాత్రికి, కార్తీక మాసంలో పట్టిసీమ వచ్చే భక్తుల్లో చాలామంది ఆ రోజుల్లో మాంసాహారం, గుడ్డు ముట్టరు. కొన్ని బార్లలో గుడ్డు తెల్లసొన పొడి, జెలాటిన్, కొల్లాజెన్ ఉంటాయి. ప్యాకెట్ మీద ఆకుపచ్చ చుక్క ఉంటే శాకాహారం, గోధుమరంగు త్రికోణం ఉంటే మాంసాహారం. ఉపవాసం ఉండేవాళ్లు ఓట్స్, బియ్యం, గోధుమ కలిసిన బార్లు తమ నియమానికి సరిపోతాయో లేదో చూసుకోవాలి. చిరిగిన రేపర్లు గోదాట్లో పడేయకుండా వెనక్కి తెచ్చుకోవడం మరిచిపోవద్దు.

వీళ్లు మాత్రం డాక్టర్‌ను అడిగాకే

కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు ఎంత ప్రోటీన్ తినాలో డాక్టరే చెప్పాలి. సొంతంగా బార్లు మొదలుపెట్టకూడదు. షుగర్ మందులు వాడేవాళ్లు, గర్భిణులు కూడా అడిగి తీసుకోవడమే క్షేమం. పల్లీలు, పాలు, సోయా, గోధుమ పడనివాళ్లు ప్యాకెట్ మీద అలర్జీ సమాచారం తప్పక చదవాలి. చిన్నపిల్లలకు ఇలాంటి బార్ల కంటే గుడ్డు, పాలు, పప్పన్నం, అప్పుడప్పుడు ఒక సున్నుండ చాలు.

మొత్తానికి బార్ కొనడం తప్పూ కాదు, తప్పనిసరీ కాదు. కేలరీలను ప్రోటీన్‌తో భాగించి, అదనపు చక్కెర చూసి, మొదటి మూడు పదార్థాలు చదవడానికి అర నిమిషం చాలు. ఆ లెక్కలో నిలబడితే కొనుక్కోండి. నిలబడకపోతే రేవులో దొరికే వేయించిన శనగల పొట్లం కొనుక్కుని పడవ ఎక్కేయండి. అటు ఆకలీ తీరుతుంది, ఇటు డబ్బులూ మిగులుతాయి.