ఇంట్లో ఈవీ చార్జర్ పెట్టాలంటే ఎంతవుతుంది? గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వాళ్ల కోసం పూర్తి లెక్క

ఈ ఎపిసోడ్‌లో ఒకే ఒక్క ప్రశ్న తీసుకుందాం. ఎలక్ట్రిక్ కారు కొన్నాక ఇంటి దగ్గర చార్జింగ్ పెట్టుకోడానికి మొత్తం ఎంత ఖర్చవుతుంది? హైదరాబాద్ అపార్ట్‌మెంట్ లెక్క కాదు, మన పాలమూరు వైపు లెక్క. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ టౌన్లలో, చుట్టుపక్కల ఊర్లలో సొంత ఇల్లు, సొంత మీటర్ ఉన్నవాళ్ల కోసం.

ఇప్పుడే ఎందుకంటే, 2024 నవంబర్‌లో తెలంగాణ ప్రభుత్వం జీవో 41 ఇచ్చింది. దాని ప్రకారం 2026 డిసెంబర్ 31 దాకా ఎలక్ట్రిక్ బండ్లకి రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు లేవు. పది లక్షల కారు మీద లక్ష దాటి మిగులుతుంది. అందుకే చాలామంది షోరూమ్‌లకి వెళ్తున్నారు. అక్కడ కారు గురించి అన్నీ చెప్తారు గానీ ఇంటి కరెంటు గురించి "ఏం కాదన్నా, ఏసీ పాయింట్‌కి పెట్టుకో" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. అసలు లెక్క అక్కడే ఉంది.

ముందే ఒక మాట చెప్తా. చార్జర్ డబ్బా ధర ఒక్కసారి పెట్టే ఖర్చు. స్లాబ్ దెబ్బ మాత్రం నెల నెలా పడుతుంది. చాలామంది మొదటిది బేరమాడి రెండోది వదిలేస్తారు.

మొదటి ప్రశ్న: మీకు వాల్ బాక్స్ అవసరమా?

ఇంట్లో రెండు రకాలుగా చార్జ్ చేసుకోవచ్చు. ఒకటి, కారుతో వచ్చే పోర్టబుల్ కేబుల్. దీన్ని 15 యాంప్స్ సాకెట్‌కి పెడతాం, 3 కిలోవాట్ల దాకా లాగుతుంది. రెండోది, గోడకి బిగించే 7.2 లేదా 7.4 కిలోవాట్ల వాల్ బాక్స్. ఇది 32 యాంప్స్ లాగుతుంది.

మీరు నెలకి 1,000 కిలోమీటర్లు తిరుగుతారు అనుకుందాం. అంటే రోజుకి 33. టియాగో ఈవీ లాంటి చిన్న కారు యూనిట్‌కి 7 కిలోమీటర్లు ఇస్తే, చార్జింగ్‌లో పోయే నష్టం కూడా కలిపి రోజుకి ఐదున్నర యూనిట్లు చాలు. మామూలు 15 యాంప్స్ సాకెట్ మీద రెండు గంటల పని. రాత్రి పడుకునేటప్పుడు పెడితే అర్ధరాత్రికే అయిపోతుంది.

మరి వాల్ బాక్స్ ఎవరికి కావాలి? కారుని ట్యాక్సీకి తిప్పేవాళ్లకి. వారానికి రెండు మూడు సార్లు హైదరాబాద్ పోయొచ్చేవాళ్లకి. గద్వాల నుంచి హైదరాబాద్ దాదాపు 190 కిలోమీటర్లు, బ్యాటరీ ఖాళీ చేసుకుని ఇంటికొచ్చి పొద్దున్నే మళ్లీ బయల్దేరాలి. విండ్సర్ లాంటి 38 కిలోవాట్ అవర్ల బ్యాటరీ 15 యాంప్స్ మీద నిండాలంటే 13, 14 గంటలు, వాల్ బాక్స్ మీద 7 గంటలు.

ఇంకొకటి. కారు లోపల ఉండే చార్జర్ ఎంత తీసుకోగలదో అంతే తీసుకుంటుంది. ఎంజీ కామెట్ కొన్ని వేరియంట్లలో అది 3.3 కిలోవాట్లే. అలాంటి కారుకి 7.4 వాల్ బాక్స్ పెట్టినా ఒక్క నిమిషం కూడా ముందు నిండదు. మీ వేరియంట్ ఏదో చూసుకున్నాకే చార్జర్ కొనండి.

రెండో ప్రశ్న: వైరింగ్ ఎంతవుతుంది?

మీటర్ నుంచి కారు పెట్టే చోటికి 15 మీటర్లు అనుకుని లెక్క వేస్తున్నా. ఇవి మార్కెట్ అంచనాలు. బ్రాండ్‌ని బట్టి, రాగి ధరని బట్టి అటూఇటూ అవుతాయి.

15 యాంప్స్ పాయింట్ అయితే: 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు ఫేజు, న్యూట్రల్ కలిపి 30 మీటర్లు, ఎర్త్ వైరు, అన్నీ కలిపి 2,500 నుంచి 3,000. మంచి ఇండస్ట్రియల్ సాకెట్ 500 నుంచి 800. ఎంసీబీ, ఆర్‌సీసీబీ కలిపి 2,000 నుంచి 2,500. పైపు, కూలీ 1,500 నుంచి 2,000. మొత్తం 6,500 నుంచి 8,300 రూపాయలు. కొత్త ఎర్తింగ్ గుంత తవ్వించాలంటే ఇంకో 4,000 నుంచి 6,000.

వాల్ బాక్స్ అయితే: వైరు కనీసం 6 చదరపు మిల్లీమీటర్లు ఉండాలి, దూరం ఎక్కువైతే 10. ఐసోలేటర్, 30 మిల్లీయాంప్స్ టైప్-ఏ రక్షణ, ఎర్తింగ్, కూలీ అన్నీ కలిపి 12,000 నుంచి 16,000. కారుతో చార్జర్ రాకపోతే దానికి విడిగా 20,000 నుంచి 35,000. కొన్ని కంపెనీలు చార్జర్‌తో పాటు కొన్ని మీటర్ల వైరు కూడా ఫ్రీ అంటాయి. ఎన్ని మీటర్లు ఫ్రీ, దాటితే మీటర్‌కి ఎంత, ఎర్తింగ్ అందులో ఉందా లేదా, ఈ మూడూ కొటేషన్ మీద రాయించుకోండి.

దీనికి తోడు లోడ్. మన ఇళ్లలో చాలా మీటర్లు ఒకటి రెండు కిలోవాట్ల శాంక్షన్డ్ లోడ్ మీదే ఉంటాయి. బిల్లు మీద చూస్తే తెలుస్తుంది. 7.4 కిలోవాట్లు పెట్టాలంటే లోడ్ పెంచుకోవాలి. మామూలుగా 5 కిలోవాట్లు దాటితే త్రీ ఫేజ్‌కి మారాలి. ఆ ఖర్చు కిలోవాట్ల లెక్కన డెవలప్‌మెంట్ చార్జీ, డిపాజిట్, జీఎస్టీగా వస్తుంది. కారు కొనకముందే సెక్షన్ ఆఫీసులో ఎస్టిమేట్ అడగండి.

మూడో ప్రశ్న: నెల బిల్లు ఎంత పెరుగుతుంది?

అసలు విషయం ఇది. మన టీజీఎస్పీడీసీఎల్ ఇంటి టారిఫ్‌లో 200 యూనిట్లు దాటితే పై యూనిట్లకి మాత్రమే రేటు పెరగదు, కింది యూనిట్ల రేటు కూడా మారిపోతుంది. 100 దాటి 200 లోపు ఉంటే మొదటి 100 యూనిట్లు 3.40, తర్వాతి 100 యూనిట్లు 4.80. 200 దాటారంటే మొదటి 200 అన్నీ 5.10, ఆపైన 300 దాకా 7.70, 400 దాకా 9 రూపాయలు, 800 దాకా 9.50.

ఇప్పుడు ఒక ఇల్లు తీసుకుందాం. నెలకి 180 యూనిట్లు కాలుస్తారు. బిల్లు 340 ప్లస్ 384, అంటే 724. కారుకి నెలకి 160 యూనిట్లు కలిస్తే మొత్తం 340 యూనిట్లు. అప్పుడు 1,020 ప్లస్ 770 ప్లస్ 360, అంటే 2,150. తేడా 1,426 రూపాయలు. 160తో భాగిస్తే కారుకి పోసిన ఒక్కో యూనిట్ దాదాపు 8.90 పడింది. కస్టమర్ చార్జీ, ఫిక్స్‌డ్ చార్జీ, సుంకం నేను కలపలేదు.

గృహజ్యోతి ఉన్న ఇంట్లో చూద్దాం. తెల్లరేషన్ కార్డు, 90 యూనిట్లు, జీరో బిల్లు. కారు కలిస్తే 250. 200 దాటింది కాబట్టి ఆ నెల జీరో బిల్లు పోతుంది, ఎనర్జీ చార్జీ 1,405 కట్టాలి. అదే ఎలక్ట్రిక్ స్కూటర్ అయితే 1,000 కిలోమీటర్లకి 35, 40 యూనిట్లే కాబట్టి 130 దగ్గర ఆగుతుంది, జీరో బిల్లు అలాగే ఉంటుంది. స్కూటర్‌కి భయం లేదు, కారుకే లెక్క చూసుకోవాలి.

దీనికి దారి ఉంది. 2024 ఫిబ్రవరిలో కేంద్రం విద్యుత్ వినియోగదారుల హక్కుల రూల్స్ మార్చింది. ఈవీ చార్జింగ్‌కి విడిగా కనెక్షన్ అడిగే హక్కు వినియోగదారుడికి ఇచ్చింది. కొత్త కనెక్షన్ మున్సిపాలిటీల్లో 7 రోజుల్లో, గ్రామాల్లో 15 రోజుల్లో ఇవ్వాలని అవే రూల్స్‌లో ఉంది. మన మూడు టౌన్లూ మున్సిపాలిటీలే. తెలంగాణ టారిఫ్‌లో ఈవీ చార్జింగ్‌కి ఎల్టీ-9 అనే కేటగిరీ ఉంది, అందులో యూనిట్ 6 రూపాయలు, స్లాబులు లేవు. 160 యూనిట్లకి 960.

అంటే 180 యూనిట్ల ఇంటికి నెలకి 466 తేడా. జీరో బిల్లు ఇంటికి 445 తేడా, పైగా ఇంటి మీటర్ 90 దగ్గరే ఉంటుంది. ఇందులోంచి కొత్త మీటర్ ఫిక్స్‌డ్ చార్జీ తీసేయండి. మీటర్ బోర్డు, సర్వీస్ వైరు, ఆఫీసు చార్జీలకి 10,000 అయ్యిందనుకున్నా రెండు మూడేళ్లలో తిరిగొస్తుంది. స్తంభం దూరంగా ఉంటే ఖర్చు పెరుగుతుంది. అప్లికేషన్ పెట్టేటప్పుడు "ఏ కేటగిరీలో ఇస్తున్నారు?" అని తప్పకుండా అడగండి. ఇంటి కేటగిరీలోనే రెండో మీటర్ ఇస్తే ఈ లెక్క పనిచేయదు.

అయితే నెలకి 400 కిలోమీటర్లే తిరిగేవాళ్లు? కారుకి 64 యూనిట్లు. ఇంట్లో 100 కాలిస్తే మొత్తం 164, మీరు 200 దాటనే లేదు. రెండో మీటర్ వద్దు, 15 యాంప్స్ పాయింట్ చాలు.

భయపడకండి కూడా. 1,000 కిలోమీటర్లకి పెట్రోల్ కారు లీటర్‌కి 16 ఇచ్చినా, లీటర్ 107 చొప్పున 6,700 దాకా అవుతుంది. స్లాబ్ దెబ్బ తగిలినా 1,426 ఎక్కడ, 6,700 ఎక్కడ!

చివరిగా, డబ్బు కన్నా ముఖ్యమైనవి మూడు

ఒకటి, పాత ఏసీ పాయింట్. ఏసీ కంప్రెషర్ ఆగుతూ నడుస్తుంది. కారు 13, 14 యాంప్స్ గంటల తరబడి ఆపకుండా లాగుతుంది. వదులైన సాకెట్, సన్న వైరు ఉంటే ప్లగ్గు కరిగిపోతుంది, మంట కూడా రావొచ్చు. మే నెలలో రేకుల షెడ్డు కింద అయితే ఇంకా తొందరగా. మొదటి రోజు అరగంట చార్జ్ చేశాక స్విచ్ ఆపి ప్లగ్గు పట్టుకుని చూడండి. చేయి పెట్టలేనంత వేడి ఉంటే ఆ పాయింట్ వాడొద్దు.

రెండు, ఎర్తింగ్. మన దగ్గర చెలక, రాతి నేలలు ఎక్కువ. ఎండాకాలం తడి ఆరిపోతే ఎర్తింగ్ పనిచేయదు, చార్జర్ ఎర్త్ ఫాల్ట్ చూపించి ఆగిపోతుంది. అప్పుడు కొందరు ఎలక్ట్రీషియన్లు సాకెట్‌లో న్యూట్రల్‌ని, ఎర్త్‌ని ఒక ముక్క వైరుతో కలిపేస్తారు. చార్జర్ నడుస్తుంది నిజమే. కానీ ఎప్పుడైనా న్యూట్రల్ తెగితే కారు బాడీకి కరెంటు వస్తుంది. పిల్లలు ముట్టుకునే కారు అది. 5,000 పెట్టి గుంత తవ్వించండి, ఎండాకాలం అందులో నీళ్లు పోయండి. ఆ వైరు ముక్క మాత్రం పెట్టనివ్వకండి.

మూడు, బోరు కనెక్షన్. పొలం దగ్గర ఫ్రీ కరెంటు ఉంది కదా అని స్టార్టర్ డబ్బా నుంచి కారుకి లాగొద్దు. వ్యవసాయానికిచ్చిన కరెంటు వేరే పనికి వాడితే విద్యుత్ చట్టం సెక్షన్ 126 కింద రెండింతల రేటుతో కట్టిస్తారు. బోర్లు నడిచే టైమ్‌లో ఓల్టేజీ కూడా ఎగిరిపడుతుంది, కారు చార్జర్‌కి అది మంచిది కాదు.

కాబట్టి షోరూమ్‌కి వెళ్లేముందు మీ పాత బిల్లులు తీయండి, ఎండాకాలం నెలలవి కూడా. యూనిట్లు ఎన్నో, శాంక్షన్డ్ లోడ్ ఎంతో రాసుకోండి. మీ నెల కిలోమీటర్లని 7తో భాగించి, పదో వంతు పైన కలపండి. మొత్తం 200 లోపు ఉంటే ఒక మంచి 15 యాంప్స్ పాయింట్. దాటితే ముందు సెక్షన్ ఆఫీసు, తర్వాతే షోరూమ్. మళ్లీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటా.