బొటనవ్రేలి ముద్ర

జూన్ మాసంలో పల్లెటూరి బాట ప్రక్కన నిలబడి చూస్తే ఆరవ తరగతిలో కొత్తగా చేరిన పిల్లలను ఇట్టే గుర్తుపట్టవచ్చు. భుజాన సంచి కొత్తది, నడకలో బెరుకు ఉంటుంది. ఏప్రిల్ వరకు వారు తమ పేటలోనే, ఇద్దరు ఉపాధ్యాయులు నడిపే ప్రాథమిక పాఠశాలలో చదివినవారు. ఇప్పుడు పెద్ద ఊరిలోని జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలకు రెండు మూడు కిలోమీటర్లు నడచిపోవాలి. అక్కడ గంట మ్రోగినప్పుడల్లా గదిలోకి వచ్చే ఉపాధ్యాయుడు మారతాడు. తెలుగు చెప్పేది ఒకరు, లెక్కలు చెప్పేది మరొకరు. అంతవరకు చెవిన పడని హిందీ అక్షరాలు ఆ ఏడే మొదలవుతాయి. నాలుగైదు పేటల పిల్లలు ఒకే గదిలో చేరి, మొదటి నెల అంతా ఏ పేటవారు ఆ పేటవారి ప్రక్కనే కూర్చుంటారు.

విద్యాశాఖవారి లెక్కలో ఆరు మొదలు ఎనిమిది వరకు గల తరగతులు ప్రాథమికోన్నత దశ. ఈ దశలో బిడ్డకు పాఠశాల ఏమేమి సమకూర్చవలెనో 2009 నాటి విద్యాహక్కు చట్టం అంకెలతో సహా చెప్పింది. ఏడాదికి 220 పని దినాలు, 1000 గంటల బోధన, 35 మంది పిల్లలకు తక్కువ కాకుండా ఒక ఉపాధ్యాయుడు, భాషలకు, సాంఘిక శాస్త్రానికి, గణిత విజ్ఞాన శాస్త్రాలకు వేరువేరు బోధకులు. ఇవన్నీ అవసరమైనవే. కాని ముప్పదియేండ్లకు పైగా ఈ తరగతులకే గణితం బోధించి విశ్రాంతి పొందిన నాకు ఈ జాబితాలో కనిపించని విషయమొకటి తరచుగా మనస్సులో మెదులుతూ ఉంటుంది. బిడ్డ ఆరవ తరగతికి చేరిన నాటినుండి బడికీ ఇంటికీ మధ్య మాట తెగిపోతుంది. తెగినట్లు ఉభయులకూ చాలా కాలం తెలియదు.

పేట బడిలో అట్లా కాదు. పొలానికి పోతున్న తల్లి గోడ అవతలనుండే "మావాడు రాత్రి జ్వరపడ్డాడు పంతులుగారూ, కాస్త చూసుకోండి" అని కేకవేసి సాగిపోతుంది. మధ్యాహ్నం ఎవరో ఒకరు తొంగి చూస్తారు. ఉపాధ్యాయుడు ఒక్కడే కాబట్టి అడగవలసినది ఎవరినో అనుమానముండదు. పై బడికి ప్రహరీగోడ ఉన్నది, గేటు ఉన్నది, లోపల పదిమంది ఉపాధ్యాయులున్నారు. బిడ్డ ఎవరి దగ్గర వెనుకబడినదో తల్లికి తెలియదు. పైగా ఆ పుస్తకాలలోని పాఠం తాను చదువుకున్న చదువును దాటిపోయింది. తానసలు చదువుకొననే లేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీల అక్షరాస్యత సుమారు 59 శాతం. అనగా నూరుమందిలో నలభైమందికి పైగా తమ బిడ్డ పేరును కూడ కాగితం మీద పోల్చుకోలేనివారు.

అట్టి తల్లికి బడినుండి వచ్చే వర్తమానం ప్రోగ్రెసు కార్డు. పరీక్ష అయిన తరువాత మార్కులు వేసి, "తల్లి లేక తండ్రి సంతకం" అన్నచోట ఖాళీ ఉంచి, బిడ్డ చేతికిచ్చి పంపుతాము. మరునాడు సంతకమో వ్రేలిముద్రో పడి తిరిగి వస్తుంది. మేము దానిని బీరువాలో పెడతాము. తల్లిదండ్రులకు తెలియజేసితిమన్న తృప్తి మాకు మిగులుతుంది. ఆ తృప్తి నాకు ఎట్లా పోయిందో మనవి చేస్తాను.

2005వ సంవత్సరం, సంక్రాంతి వెళ్ళిన తరువాతి మాట. నేనప్పుడు పల్నాడులోని ఒక ఉన్నత పాఠశాలలో పనిచేస్తున్నాను. ఆరవ తరగతిలో కూలిపేటనుండి వచ్చే ఒక బాలిక ఉండేది. నోరు మెదపదు, అల్లరి చేయదు, హాజరు తప్పదు. లెక్కలలో మాత్రం యూనిట్ పరీక్షకు 25కు ఆరు, ఏడు మార్కులకు మించేవి కావు. మూడు పరీక్షల మార్కులూ కార్డులో వేసి పంపాను. మూడుసార్లూ బొటనవ్రేలి ముద్ర పడి వచ్చింది. స్టాంపు ప్యాడు లేని ఇల్లు కాబట్టి కలం సిరా వ్రేలికి రుద్ది వేసిన ముద్ర, నీలంగా, కొంచెం చెదిరి ఉండేది.

జనవరి చివరి వారంలో ఆ బాలిక రావడం మానింది. మా ప్రాంతంలో మిరపకోతలు ముమ్మరమయ్యే కాలమది. చేలన్నీ ఒక్కసారి ఎర్రబారతాయి. ఉన్న కూలీలు చాలక కర్నూలు జిల్లా పడమటి మండలాలనుండి కుటుంబాలకు కుటుంబాలే తరలివస్తాయి. మిరపకాయ వంగి కోయవలసిన పైరు; చిన్న చేతులకు అలవాటైన పని. ఏటా ఆ రోజులలో ఆరు, ఏడు తరగతుల హాజరు పట్టీలో ఎర్రసిరా సున్నలు పెరిగేవి, వాటిలో ఆడపిల్లలవే ఎక్కువ. ఉపాధ్యాయుల గదిలో మేము దీనికొక వ్యాఖ్యానం సిద్ధంగా ఉంచుకున్నాము: "వీళ్ళకు చదువు మీద శ్రద్ధ లేదు." తల్లిదండ్రుల సమావేశానికి ఆ పేటనుండి ఒక్కరూ రాకపోవడమే మాకు సాక్ష్యం. ఆ సమావేశం పని దినాన పదకొండు గంటలకు పెట్టేవారము. వస్తే ఆ నాటి కూలి పోతుందన్న ఆలోచన మాలో ఎవరికీ రాలేదు, నాకూ రాలేదు.

ఒకనాటి సాయంకాలం దీపాలవేళ ఆ ఇంటికి పోయాను. మందలించి వద్దామనే ఉద్దేశంతోనే పోయానని ఒప్పుకోవాలి. తల్లి అప్పుడే చేనునుండి వచ్చి, మిరప ఘాటుకు మండుతున్న చేతులు మజ్జిగతో కడుగుకుంటున్నది. నన్ను చూసి కంగారుపడి మంచం వాల్చింది. పిల్లను బడి ఎందుకు మానిపించావని అడిగాను.

"మానిపించలేదు సారూ. నెల రోజులు కోతలకు తోడు తీసుకుపోతున్నా. మా పిల్ల బాగా చదువుతందని మీరే రాశారంటగా కార్డులో. మూడుసార్లూ చదివి చెప్పింది. అంత బాగా చదివే పిల్లకు నెల రోజులు పోతే ఏమయిద్దిలే అనుకున్నా."

నా నోట మాట రాలేదు. గుడిసె వాకిట్లో ఆ బాలిక తల వంచుకుని నిలబడి ఉన్నది. బిడ్డ సంగతి తల్లికి చెప్పడానికి మేము ఎన్నుకున్న దూత ఆ బిడ్డే. దూత తనకు శిక్ష తెచ్చే వార్తను తానే మోసుకుపోయి తానే చదివి వినిపించాలి. పదకొండేండ్ల పిల్ల మీద అంత బరువు పెట్టి, ముద్ర పడింది కదా అని బీరువా మూసుకున్నాము.

ఎందుకట్లా చెప్పావని మెల్లగా అడిగాను. మార్కులు రాలేదని తెలిస్తే చదువు మానిపించి పనికి పంపుతారని భయపడి చెప్పిందట. నిజం చెబితే ఎక్కడికి పోవలసి వచ్చేదో, అబద్ధం చెప్పినా అక్కడికే పోవలసి వచ్చింది.

అప్పుడు కార్డులోని అంకెలు ఆమెకు నేనే చదివి వినిపించాను. లెక్కలలో ఆరు అన్నాను. ఆమె కొంతసేపు ఊరకుండి, "ఆరంటే ఎన్నింటికి సారూ?" అని అడిగింది. ఆ ప్రశ్న అడిగిన తల్లినో తండ్రినో నేను అంతకు ముందు చూడలేదు. చదువుకున్న తల్లిదండ్రులు అడగనక్కరలేదు; చదువుకోనివారు అడిగే అవకాశం మేమివ్వలేదు.

వాకిలి ప్రక్క గోడ మీద బొగ్గు గీతలు వరుసగా ఉన్నాయి. ఏ రైతు చేలో ఎన్ని రోజులు పనిచేసినదీ ఆమె పెట్టుకున్న లెక్క. పని చేసిన రోజుకొక గీత. కూలి ముట్టిన గీతకు అడ్డంగా మరొక గీత. ఇరవై అయిదు గీతలు లెక్కపెట్టి చూపించి, వాటిలో ఆరింటి మీద వ్రేలు పెట్టాను. ఆమె నాకంటె ముందే అందుకున్నది. "అంటే ఇరవై అయిదు రోజులు పని చేస్తే ఆరు రోజుల కూలే చేతికొచ్చిందన్నమాట. తక్కినది ఎక్కడ పోయింది సారూ? దీనికి చెప్పింది అర్థం కావడం లేదా?"

ఆ ప్రశ్న నేను నన్ను వేసుకోవలసినది. మరునాడు తెలిసింది, ఆ పిల్లకు భాగహారం రాదు. మూడవ తరగతిలోనో నాలుగవ తరగతిలోనో జారిపోయిన మెట్టు అది. దాని మీద నేను ఏడు నెలలుగా భిన్నాలు, నిష్పత్తులు పేర్చుతూ వచ్చాను. ఆ లోపం ఆమె ఒక్కతెది కాదు. పిల్లల చదువును ఇంటింటికీ పోయి పరీక్షించే 'అసర్' సర్వేను ప్రథమ్ సంస్థ ప్రారంభించినది ఆ 2005లోనే. 2022 నాటి సర్వేలో దేశంలోని గ్రామీణ ప్రాంతాల ఎనిమిదవ తరగతి పిల్లలలో మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించగలిగినవారు సుమారు 45 శాతం మాత్రమే.

ఆ బాలికనుండి ఇంకొక సంగతి తెలుసుకున్నాను. మన రాష్ట్రంలో 2003లో బడిలో మధ్యాహ్న భోజనం మొదలైనప్పుడు అది ప్రాథమిక తరగతులకే పరిమితం. పేట బడిలో ఐదవ తరగతి వరకు వేడి అన్నం తిన్న పిల్ల, ఆరవ తరగతికి రాగానే ఆ అన్నానికి దూరమయింది. తల్లి తెల్లవారకముందే చేనికి పోతుంది కాబట్టి చాలా రోజులు గిన్నె లేకుండానే వచ్చేది. నా గణితం మధ్యాహ్నం రెండవ గంటలో. ఆమె నోరు మెదపకపోవడాన్ని నేను వినయమనుకున్నాను. 2008-09 నుండి దేశమంతటా ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకు కూడ ఆ భోజనం విస్తరించింది. ప్రాథమిక విద్యార్థికి 100 గ్రాముల ధాన్యమైతే ఈ తరగతులవారికి 150 గ్రాములు. మా బడిలో ఆ అన్నం వండిన మొదటి రోజున ఆరవ తరగతి వరుస చూస్తే నాకు ఆమె జ్ఞాపకం వచ్చింది.

నాలుగవ నాడు ఆ బాలిక బడికి వచ్చింది. సాయంకాలం అరగంట ఉంచుకుని భాగహారం మొదటినుండి చెప్పాను. ఆదివారాలు తల్లితో కోతకు పోయేది. దానికి నేను అడ్డు చెప్పలేదు. పదవ తరగతి పరీక్ష వ్రాసే వరకు చదివింది. ఇది విజయగాథగా చెప్పడం లేదు. అదే సంవత్సరం అదే తరగతినుండి మరి ఇద్దరు బాలురు కోతలకు పోయి తిరిగి రాలేదు. వారి ఇండ్లకు నేను పోలేదు. వారి కార్డుల మీద కూడ ముద్రలున్నాయి.

తల్లిదండ్రులను బడిలోకి తీసుకురావాలన్న సంకల్పం ప్రభుత్వాలకు లేదని అనలేము. పాఠశాల నిర్వహణలో తల్లిదండ్రులకు స్థానం కల్పిస్తూ ఆంధ్రప్రదేశ్ శాసనసభ 1998లోనే ఒక చట్టం చేసింది. 2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలన్నది, సగం మంది స్త్రీలు కావాలన్నది. అదే చట్టం 24వ సెక్షనులో ఉపాధ్యాయుని విధులు చెబుతూ, బిడ్డ హాజరు, గ్రహణశక్తి, చదువులో ప్రగతి గురించి తల్లిదండ్రులతో క్రమంగా సమావేశమై తెలియజేయాలని నిర్దేశించింది. తెలియజేయాలన్నది గాని ముద్ర వేయించుకోవాలని అనలేదు. 2024 డిసెంబరు 7న ఆంధ్రప్రదేశ్‌లోని ప్రభుత్వ పాఠశాలలలో ఒకే రోజున తల్లిదండ్రుల సమావేశాలు జరిగాయి. ఒక్కనాడైనా గేటు బార్లా తెరిచి, పిలిచి, కూర్చోబెట్టడం మంచి పని. ఏడాదిలో తక్కిన దినాల మాటేమిటన్నదే నా విచారం.

ఇప్పుడు కార్డుకు తోడు ఫోను వచ్చింది. బిడ్డ రాకపోతే, మార్కులు తక్కువైతే తండ్రి ఫోనుకు వర్తమానం పంపవచ్చు. సంతోషమే. కాని చదువురాని ఇంటిలో ఆ వర్తమానం చదివి వినిపించేది తిరిగి ఆ బిడ్డే. సాధనం మారింది, దూత మారలేదు. 2020-21 విద్యా సంవత్సరంనుండి ఆంధ్రప్రదేశ్ పాఠ్యపుస్తకాలలో ఒక ప్రక్క ఇంగ్లీషు, ఎదుట తెలుగు ముద్రిస్తున్నారు. ఐదవ తరగతితో చదువు ఆపిన తండ్రికి ఆ తెలుగు పుట ఒక ఆసరా. అక్షరమే రాని తల్లికి మాత్రం ఆసరా మాటే. నోటితో చెప్పి, చెవితో వినవలసిన మాట.

అందుకు కొత్త చట్టమక్కరలేదు, పెద్ద ఖర్చూ లేదు. సమావేశం పగలు పదకొండు గంటలకు కాక, దీపాలవేళ ఆ పేటలోనే, రామమందిరం అరుగు మీదనో చెట్టుక్రిందనో పెట్టవచ్చు. ప్రతి ఉపాధ్యాయుడూ ఏటా ఆరవ తరగతివారి ఇండ్లకు ఒక్కసారి పోవచ్చు; జూన్‌లో పోతే జనవరిలో పరుగెత్తనక్కరలేదు. మార్కులు బిడ్డ ఎదుటనే, బిడ్డ చేత కాక ఉపాధ్యాయుడే చెప్పాలి. ఎన్నింటికి ఎన్నో చెప్పాలి. చెప్పిన తరువాత తల్లి అడిగేదాకా ఆగాలి. ఆమె అడిగే ప్రశ్న సామాన్యంగా మన లోపం మీదనే ఉంటుంది. ఆ సాయంకాలం నాకు ఎదురైనది అదే.

ఆ రాత్రి నేను లేచి వస్తుంటే ఆమె కార్డు తెప్పించి, కలం అడిగి, సిరా వ్రేలికి రుద్దుకున్నది. మూడు ముద్రలు ఇదివరకే పడి ఉన్నాయి, ఇంకెందుకమ్మా అన్నాను. "అవి తెలవక వేసినయ్ సారూ" అని, వాటి ప్రక్కన మరొకటి వేసింది.