మ్యాచ్ నాడు దారి ఎవరిది?

వాంఖడేలో పెద్ద మ్యాచ్ ఉందంటే మన ఇండ్లలో రెండు ముచ్చట్లు నడుస్తయి. పిల్లలది స్కోరు ముచ్చట, డ్యూటీకి పోయేవాళ్ళది బస్సు ముచ్చట. నేను రాసేది రెండోది.

2023 ప్రపంచ కప్‌లో వాంఖడేకు 5 మ్యాచులు వచ్చాయి. నవంబరు 15న న్యూజిలాండ్‌తో సెమీఫైనల్ కూడా ఇక్కడే జరిగింది. స్టేడియంలో సుమారు 33,000 మంది పడతారు. కారుకు నలుగురు చొప్పున వచ్చినా 8,000 పైన కార్లు కావాలి. అన్ని కార్లు నిలబెట్టే జాగా అక్కడ ఎక్కడుంది? అదే జనం కిక్కిరిసిన లోకళ్ళలో వస్తే ఎనిమిది, తొమ్మిది బండ్లు చాలు. చర్చ్‌గేట్, మెరైన్ లైన్స్ స్టేషన్లు నడిచే దూరంలోనే ఉన్నాయి. అందుకే బండ్లు ఇంటికాడ పెట్టి రైలెక్కి రమ్మని పోలీసులు చెప్తుంటారు.

వేరే దేశాలవాళ్ళూ ఈ తిప్పలు పడ్డారు. 1984 ఒలింపిక్స్‌కు లాస్ ఏంజిలిస్‌లో సరుకు లారీలను రాత్రిపూట తిప్పి, ఆఫీసుల వేళలు మార్పించారు. ఊరు స్తంభించిపోతుందనుకున్నారు గానీ రోడ్లు సాఫీగా నడిచాయి. 2008లో బీజింగ్ రెండు నెలలపాటు సరి, బేసి నంబర్ల కార్లను రోజు విడిచి రోజు తిప్పింది. 2012లో లండన్ ఆట టికెట్టుతోపాటే ఆ రోజు ప్రయాణపు పాస్ కూడా ఇచ్చింది. కానీ క్రీడాకారులకు, అధికారులకు, స్పాన్సర్లకు రోడ్డు మీద వేరే వరుసలు కేటాయిస్తే అక్కడి టాక్సీవాళ్ళు రోడ్డెక్కి నిరసన చేశారు. బతుకుదెరువు దారి మూస్తే ఎవరూరుకుంటారు?

వేళ మార్చుకోవడం ఆఫీసువాళ్ళకు చెల్లుతుంది. వాచ్‌మన్‌కు, ఆస్పత్రి ఆయాకు, మగ్గం మీది మనిషికి చెల్లదు. మా నాన్న మిల్లులో మూడో పాళీ చేసేవాడు. ఐదు నిమిషాలు ఆలస్యమైతే గేటు మూసేవాళ్ళు. మిల్లులు పోయినా ఆ గేటు పోలేదు. మా మరదలు ఫోర్టులో ఆఫీసులు తుడుస్తుంది. బస్సు దారి మళ్ళిందంటే ఆమెకు అరపూట కూలి పోయినట్టే.

కాబట్టి మనం అడగాల్సినవి రెండున్నాయి. బస్సులు ఏ దారిన పోతాయో వారం ముందే మన బస్తీల్లో బోర్డు పెట్టాలి. మ్యాచ్ నాడు అరగంట ఆలస్యమైతే కూలి కోయొద్దని యజమానులకు సంఘం తరఫున ముందే చెప్పాలి.

మనం చేసుకోగలిగేది ఒకటుంది. డే నైట్ మ్యాచ్ మధ్యాహ్నం 2కు మొదలై రాత్రి పదిన్నర ప్రాంతంలో ముగుస్తుంది. ఆ వేళల్లో లోయర్ పరేల్ నుంచి ఫోర్టుకు పోయేవాళ్ళు చర్చ్‌గేట్ వైపు పోకుండా, కర్రీ రోడ్‌లో ఎక్కి సీఎస్‌ఎంటీలో దిగితే గుంపు తప్పుతుంది. తిరుగు ప్రయాణానికీ అదే దారి.