నాపరాయిలో నిలిచిన సముద్రం

కర్ణాటకలోని షాబాదు, తెలంగాణలోని తాండూరు ప్రాంతాల నాపరాళ్ళు సరిహద్దు పల్లెలలో ఎన్నో ఇళ్ళకు నేలగా, అరుగులుగా అమరాయి. ఆ బండపై నిమ్మరసం పడితే నునుపు పోయి మచ్చ ఏర్పడుతుంది. రాతిలోని కాల్షియం కార్బొనేటు పులుపుకు కరగడమే అందుకు కారణం. ఒకనాటి సముద్రపు అడుగున పేరుకొన్న సున్నపు బురదే గట్టిపడి ఈ రాయిగా మారింది. భూగర్భ శాస్త్రజ్ఞులు ఈ శిలాశ్రేణికి భీమా నది పేరు పెట్టారు.

సున్నపు శిలలు అధికంగా లోతు తక్కువైన, వెచ్చని సముద్రాలలో ఏర్పడతాయి. నీరు వెచ్చబడిన కొద్దీ అందులో కరిగి ఉన్న బొగ్గుపులుసు వాయువు తగ్గుతుంది. ఎండ సోకే లోతులో బ్రతికే సూక్ష్మజీవులు తమ ఆహారం కొరకు ఆ వాయువును మరికొంత గ్రహిస్తాయి. అప్పుడు నీటిలోని సున్నం కరిగి ఉండలేక అడుగుకు చేరుతుంది.

ఆనాటి నీటి తీరును రాయే తెలుపుతుంది. మెత్తని రేణువులతో, సన్నని పొరలుగా ఉన్న రాయి నిశ్చలమైన నీటికి గుర్తు. చేపగుడ్ల వంటి గుండ్రని రేణువులు ఉంటే అలలు వాటిని దొర్లించాయని అర్థం. ఎండిన చెరువులోని నెర్రెల వంటి గీతలు కనిపిస్తే, నీరు వెనుదీసినపుడు ఆ బురద ఎండకు ఆరిందని గ్రహించవచ్చు.

కడప జిల్లాలోని వేంపల్లె డోలమైటు శిలలలో మరొక విశేషం ఉంది. సుమారు 190 కోట్ల ఏళ్ళనాటి ఈ రాళ్ళలో, కోసిన ఉల్లిగడ్డ పొరలను పోలిన స్ట్రోమటోలైట్లు కనిపిస్తాయి. సూక్ష్మజీవుల జిగురు పొరపై సున్నపు రేణువులు అంటుకొనగా, వెలుగు కొరకు ఆ జీవులు పైకి వచ్చి కొత్త పొర అల్లాయి. ఆ విధంగా పొరపై పొర పెరిగింది. నత్తలు, చేపలు పుట్టకముందే గాలికి ప్రాణవాయువును చేర్చినవి ఇటువంటి జీవులే. ఆస్ట్రేలియా పశ్చిమ తీరంలోని షార్క్ బే వద్ద, నత్తలు మనలేనంత ఉప్పునీటిలో, స్ట్రోమటోలైట్లు నేటికీ పెరుగుతున్నాయి.

రాజస్థాన్‌లో చిత్తోడ్‌గఢ్ సమీపాన గల భోజుందా స్ట్రోమటోలైట్లు జాతీయ భూవిజ్ఞాన స్మారకంగా గుర్తింపు పొందాయి. అటువంటి రక్షణ లేని చోట్ల ఈ ఆనవాళ్ళు క్వారీ సమ్మెట క్రింద కంకరగా మారే ప్రమాదం ఉంది. ఉల్లిపొరల వంటి రాయి బయటపడితే, దానిని కదలించకముందే భూగర్భ శాస్త్ర శాఖ గల సమీప కళాశాలకు తెలుపడం మేలు. ఏ పొరపై ఏ పొర ఉన్నదో తెలిసినపుడే సముద్రం ఎప్పుడు లోతెక్కిందో, ఎప్పుడు వెనుదీసిందో చెప్పడం సాధ్యం. చోటు తప్పిన రాయి ఆ వరుసను చెప్పలేదు.