కువైట్‌లోని చెల్లికి మన 'ఆమేన్' వినబడుతోందా?



2020 మార్చిలో మందిరాల తలుపులు మూతపడినప్పుడు మన సంఘాలు జూమ్ నేర్చుకున్నాయి. తలుపులు తెరుచుకున్నాక చాలామంది దాన్ని పక్కన పెట్టేశారు. అది సరి కాదని మా అభిప్రాయం. లాక్‌డౌన్‌కు ముందూ మందిరానికి రాలేనివారు మనలో ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. ఏలూరు, తాడేపల్లిగూడెం చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఇంటిపనులకు కువైట్ వెళ్లిన అక్కచెల్లెళ్లు ఉన్నారు. మంచం దిగలేని పెద్దలు ఉన్నారు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడను ముంచింది. ఆ నీరు చివరకు దిగేది కొల్లేటిలోకే. అలాంటి రోజుల్లో లంక గ్రామాల వారికి దారి మునిగితే ఆదివారం కూడా మునిగినట్టే.

చాలాచోట్ల ఒక యవనస్థుడు ఫోను చేతపట్టుకుని ముందు వరుసలో కూర్చుంటాడు. మధ్యలో ఎవరో ఫోను చేస్తారు, ఆరాధన ఆగిపోతుంది. పైగా ఆ అబ్బాయికి ఆరాధన లేనట్టే. దానికి బదులు, ఆఫీసు గదిలో సర్టిఫికెట్లు కొట్టే కంప్యూటరునే మైకు మిక్సరు పక్కకు తెచ్చి పెట్టండి. జూమ్‌ను దాని సొంత వెబ్‌సైటు నుంచే దించుకోవాలి. వాట్సాప్‌లో ఎవరో పంపిన ఫైలును తెరవవద్దు. ఉచిత ఖాతాలో 100 మంది చేరవచ్చు గాని 40 నిమిషాలకే సమావేశం ముగుస్తుంది. మన ప్రసంగాలు 40 నిమిషాల్లో అయ్యేవి కావని అందరికీ తెలుసు. డబ్బు కట్టలేని సంఘానికి జిట్సి మీట్ ఉంది. తెరిచేవారు లాగిన్ అయితే చాలు, దానికి ఆ గడియారం బాధ లేదు. జూమ్ పెట్టాక మైకు పలకకపోతే కంగారు పడకండి. విండోస్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ అనే చోట మైక్రోఫోన్‌కు అనుమతి ఇవ్వలేదేమో చూడండి.

అందరూ ముందు కొనేది కెమెరా. మేము మాత్రం ముందు శబ్దం చూడమంటాం. మాట ఒక్కటే వెళ్తే సెకనుకు 80 కిలోబిట్లు సరిపోతాయి, అంటే గంటకు 36 మెగాబైట్లు. అదే స్పష్టమైన బొమ్మకు సెకనుకు 1 మెగాబిట్ అనుకున్నా గంటకు 450 మెగాబైట్లు అవుతుంది. లంకలో సిగ్నల్ అంతంతమాత్రంగా ఉన్న ఇంటికి ఈ తేడా చాలా పెద్దది. బొమ్మ ఆగినా మాట ఆగకపోతే ఆ ఇంట్లో ఆరాధన సాగుతూనే ఉంటుంది.

మిక్సరు వెనుక ఆక్స్ అని ఒక అవుట్‌పుట్ ఉంటుంది. అక్కడి నుంచి వైరు తీసి చిన్న యూఎస్‌బీ సౌండ్ కార్డు ద్వారా కంప్యూటరుకు ఇవ్వండి. నేరుగా గులాబీ రంగు మైకు రంధ్రంలో పెడితే శబ్దం పగిలిపోతుంది. కువైట్ నుంచి సాక్ష్యం చెప్పే చెల్లి గొంతు మందిరంలో వినబడాలంటే కంప్యూటరు శబ్దాన్ని కూడా మిక్సరుకు ఇవ్వాలి. అయితే ఆ చానెల్‌కు ఆక్స్ బిరడా పూర్తిగా సున్నాలో ఉండాలి. లేకుంటే ఆమె మాట ఆమెకే తిరిగి వెళ్లి మారుమోగుతుంది.

జూమ్ మన డోలక్‌ను, తాళాలను రొద అనుకుని అణిచేస్తుంది. అది ఆఫీసు మీటింగుల కోసం పుట్టింది మరి! సెట్టింగ్స్‌లో ఆడియో విభాగానికి వెళ్లి 'ఒరిజినల్ సౌండ్ ఫర్ మ్యుజీషియన్స్' ఎంచుకోండి. సమావేశం మొదలయ్యాక తెర పైభాగంలో దాన్ని ఆన్ చేయాలి. మైకు శబ్దాన్ని దానంతట అదే సవరించే టిక్కు తీసేయండి. అది ఉంటే మౌన ప్రార్థన వేళ పంకా హోరు పెద్దదై వినిపిస్తుంది.

ఇంతా చేశాక కూడా వినేవారికి చేరేది వేదిక మీది గొంతులే. సంఘమంతా కలిసి పాడే పాట, వెనుక వరుసలో అమ్మల 'ఆమేన్', 'స్తోత్రం' ఏ మైకులోనూ పడవు. దూరాన ఉన్న బిడ్డ వెతుక్కునేది ఆ గొంతులనే. మంచి ప్రసంగాలు యూట్యూబ్‌లో బోలెడు దొరుకుతాయి, సొంత ఊరి సంఘం గొంతు అక్కడ దొరకదు. ఒక మైకును సంఘం వైపు తిప్పి, స్పీకర్లలోకి కాకుండా ఆక్స్‌లోకి మాత్రమే పంపండి. దాని ఖర్చు కెమెరా ఖర్చులో కొంతే.

ఇక జాగ్రత్త. జూమ్ సమావేశాల్లో పరాయివారు చొరబడే ప్రమాదం గురించి 2020 ఏప్రిల్‌లో కేంద్ర హోం శాఖ హెచ్చరించింది. పాస్‌కోడ్, వెయిటింగ్ రూమ్ రెండూ ఉంచండి. తలుపు దగ్గర నిలబడి పలకరించే సంఘ పెద్దకే లోపలికి అనుమతించే పని అప్పగించండి, ముఖాలూ గొంతులూ ఆయనకు తెలుసు. మాకు అంతకంటే భయం రికార్డింగ్ గురించి. ఒక సహోదరి యజమాని ఇంట్లో తాను పడుతున్న బాధ చెప్పి ప్రార్థించమంటుంది. అది రికార్డయి నాలుగు వాట్సాప్ గ్రూపులు తిరిగితే ఆమె ఉద్యోగమే పోవచ్చు. కాబట్టి ప్రార్థన విన్నపాలు మొదలయ్యే ముందే రికార్డింగ్ ఆపాలి. ఆమె పేరు, ఊరు వేదిక మీద నుంచి చదవకండి. తెర మీద పేరు మార్చుకోవడం ఎలాగో ఆమెకు నేర్పండి.

ఒక సూచన. కువైట్‌లో సెలవు శుక్రవారం, ఆదివారం పనిదినం. ఆదివారం ఆరాధనకు రాలేనివారికి మన శుక్రవారపు ఉపవాస ప్రార్థన అందుతుంది. మనకు ఉదయం పదిన్నర అయితే వారికి ఎనిమిది. ఈ గురువారం సాయంత్రం పాటల సాధన వేళ ఒకరిని మందిరం బయట, ఇయర్‌ఫోన్లతో, వైఫై ఆపిన ఫోనుతో కూర్చోబెట్టి వినమనండి. డోలక్ వినబడుతోందా, వెనుక వరుస వినబడుతోందా అని అడిగి బిరడాలు సరిచేయండి. సరైన చోట బిరడాల మీద చిన్న తెల్ల ప్లాస్టర్ ముక్కలతో గుర్తు పెట్టండి, అలంకరణ చేసే పిల్లలు తప్పకుండా వాటిని తిప్పుతారు.