లండన్ క్రాఫ్ట్ బీరు శాలలు

లండన్ క్రాఫ్ట్ బీరు శాలలు అనగా ఇంగ్లండు రాజధానియైన లండన్ నగరంలో, చిన్న తయారీశాలల బీరును ప్రత్యేకంగా అమ్మే పానశాలలు. వీటిలో కొన్ని తయారీశాలను ఆనుకొనియే ఉంటాయి. వాటిని ట్యాప్‌రూములు అంటారు. మరికొన్ని పలు తయారీశాలల బీరును ఒకేచోట అందించే పబ్బులు. 2006 నాటికి లండన్‌లో పదికి లోపుగా మిగిలిన బీరు తయారీశాలలు 2010వ దశకం ముగిసేసరికి నూరు దాటినవి. ఇవి నగరంలోని ఏ పేటలలో వెలసినవి, అక్కడే ఎందుకు వెలసినవి అని పరిశీలిస్తే రైలు వంతెనలు, సుంకం, అద్దె అనే మూడు కారణాలు ముఖ్యంగా కనిపిస్తాయి.

బీరు, క్రాఫ్ట్ బీరు

బీరుకు ముడిసరుకులు నాలుగు: నీరు, మాల్టు, హాప్స్ పువ్వులు, ఈస్టు. మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ గింజలను మాల్టు అంటారు. మాల్టును వేడినీటిలో నానబెట్టినపుడు గింజలోని పిండిపదార్థం చక్కెరగా మారుతుంది. ఆ తీపి ద్రవాన్ని హాప్స్‌తో కలిపి మరిగిస్తారు. హాప్స్ వలన చేదు, సువాసన వస్తాయి. తరువాత చల్లార్చి ఈస్టు కలిపితే, అది చక్కెరను ఆల్కహాలుగాను, బొగ్గుపులుసు వాయువుగాను మారుస్తుంది. తాటికల్లులో ప్రకృతిసిద్ధంగా చేరిన ఈస్టు తనంతట తానే ఈ పని చేస్తుంది. బీరులో సాధారణంగా తయారీదారుడు తగిన ఈస్టును ఎంచి కలుపుతాడు.

క్రాఫ్ట్ అనగా చేతిపనితనం. బ్రిటనులో క్రాఫ్ట్ బీరు అనే మాటకు చట్టపరమైన నిర్వచనం లేదు. వ్యవహారంలో, స్వతంత్రులైన చిన్న తయారీదారులు కొత్త రుచులకు ప్రాధాన్యమిచ్చి చేసే బీరును ఇట్లు పిలుస్తారు. పీపాలోనే పులియడం కొనసాగే సంప్రదాయ ఏల్ బీరును కాపాడుటకు 1971లో కామ్రా అనే వినియోగదారుల సంఘం ఏర్పడినది. క్రాఫ్ట్ ఉద్యమం దాని తరువాతి తరానికి చెందినది. అమెరికాలోని చిన్న తయారీశాలల ప్రభావం దీనిపై ఎక్కువ.

చరిత్ర

18వ శతాబ్దంలో లండన్ ప్రపంచంలోని గొప్ప బీరు కేంద్రాలలో ఒకటి. బరువులు మోసే కూలీలకు ఇష్టమైనందున పోర్టర్ అని పేరు వచ్చిన నల్లని బీరు ఇక్కడిదే. సదర్క్‌లోని యాంకర్ తయారీశాల 19వ శతాబ్దపు తొలినాళ్ళలో ప్రపంచంలోని అతిపెద్ద తయారీశాలలలో ఒకటిగా పేరొందినది. నాటి తొట్ల పరిమాణం ఎంతటిదో ఒక దుర్ఘటన తెలుపుతుంది. 1814 అక్టోబరు 17న టాట్నం కోర్ట్ రోడ్డు వద్ద ఒక తయారీశాలలోని పెద్ద తొట్టి పగిలి, పోర్టర్ వరదవలె పక్కనున్న పేదల ఇండ్లపై పడగా ఎనిమిదిమంది మరణించారు.

ఈ చరిత్రతో భారతదేశానికి కూడ సంబంధమున్నది. తూర్పు లండన్‌లోని బౌ ప్రాంతపు వ్యాపారి జార్జి హాడ్జ్‌సన్, దగ్గరలోని రేవు నుండి బయలుదేరే ఈస్టిండియా కంపెనీ నౌకల కప్తానులకు బీరును అరువుపై ఇచ్చేవాడు. నెలల తరబడి సాగే ప్రయాణానికి హాప్స్ దండిగా వేసిన బీరు తట్టుకునేది. ఈ వర్తకం నుండి క్రమంగా ఇండియా పేల్ ఏల్ అనే రకం రూపొందినది. నేటి క్రాఫ్ట్ బీరు శాలలలో అత్యధికంగా కనిపించే రకం ఇదే. అయితే ఇప్పటిది ఎక్కువగా అమెరికా హాప్స్‌తో, నారింజ, మామిడి వంటి పండ్ల వాసనతో ఉంటుంది.

20వ శతాబ్దంలో నగరభూముల ధరలు పెరిగి, పెద్ద తయారీశాలలు ఒక్కొక్కటిగా మూతపడినవి. బ్రిక్ లేన్‌లోని ట్రూమన్ తయారీశాల 1989లోను, వాండ్స్‌వర్త్‌లోని యంగ్స్ తయారీశాల 2006లోను పని నిలిపివేసినవి. పాత పెద్ద సంస్థలలో చిజిక్‌లోని ఫుల్లర్స్ మాత్రమే చెప్పుకోదగ్గదిగా మిగిలినది.

సుంకం, కమానులు

2002లో బ్రిటిష్ ప్రభుత్వం చిన్న తయారీదారులకు సుంకం తగ్గించినది. ఏడాదికి 5 లక్షల లీటర్లకు మించకుండా బీరు చేసేవారు సగం సుంకం చెల్లిస్తే సరిపోయేది. 2023 ఆగస్టులో దీని స్థానంలో వేరొక రాయితీ విధానం వచ్చినది.

సుంకం తగ్గినను, చోటు కావలెను కదా! ఆ చోటును రైలు వంతెనలు ఇచ్చినవి. లండన్‌లోని మొదటి రైలుమార్గమైన లండన్-గ్రీనిచ్ మార్గం 1836లో ప్రారంభమైనది. అది 878 ఇటుక కమానులపై నడిచినది. ఇటువంటి కమానుల కింది గదులను మెకానిక్కులు, వడ్రంగులు, సరుకు నిలవచేసేవారు చాలాకాలంగా అద్దెకు తీసుకునేవారు. పైన రైళ్ళు పోవుచుండుటచే నివాసానికి పనికిరావు. కాని పైకప్పు ఎత్తు, గట్టి నేల, దళసరి ఇటుక గోడలు బీరు తొట్లకు అనుకూలం. అద్దె కూడ నగరంలోని ఇతర స్థలాలకన్న తక్కువగా ఉండేది.

ముఖ్య ప్రాంతాలు

బెర్మండ్సీ: ఒకప్పుడు తోళ్ళ పరిశ్రమకు, బిస్కట్ల తయారీకి ప్రసిద్ధి. 2009లో ఎవిన్ ఓరియర్డన్ ఇక్కడ కెర్నెల్ తయారీశాలను స్థాపించి, పాత లండన్ పోర్టర్, స్టౌట్ రకాలను తిరిగి చేయసాగాడు. తరువాత అదే రైలుమార్గం పొడవునా మరికొన్ని తయారీశాలలు చేరగా, ఆ వరుసకు బెర్మండ్సీ బీర్ మైల్ అని పేరు వచ్చినది. శనివారాలలో రద్దీ మితిమీరుటచే కెర్నెల్ 2015లో తన వద్ద కూర్చుని త్రాగే ఏర్పాటును నిలిపివేసినది.

కెంటిష్ టౌన్: 2010లో కామ్డెన్ టౌన్ తయారీశాల ఇక్కడి కమానులలో ప్రారంభమైనది.

బ్రిక్స్‌టన్: 2013లో ఇక్కడి కమానులలో బ్రిక్స్‌టన్ తయారీశాల ఏర్పడినది. తన బీర్లలో ఒకదానికి స్థానిక వీధియైన ఎలక్ట్రిక్ అవెన్యూ పేరు మీదుగా పేరు పెట్టినది.

హాక్నీ, టాట్నం: బీవర్‌టౌన్ 2011లో హాక్నీ ప్రాంతంలో ఒక భోజనశాల వంటగదిలో పుట్టి, 2014లో టాట్నం పారిశ్రామికవాడకు తరలినది.

నగర మధ్యభాగం: ఇక్కడ తయారీకి చోటు లేదు గాన అమ్మకపు శాలలే ఏర్పడినవి. బరో మార్కెట్టులో ద రేక్ (2006), యూస్టన్ రైల్వేస్టేషను ముందరి పాత రాతి కట్టడంలో యూస్టన్ ట్యాప్ (2010), క్లార్కెన్‌వెల్‌లో క్రాఫ్ట్ బీర్ కంపెనీ (2011) ఇందుకు ఉదాహరణలు.

కొలతలు

బ్రిటనులో పీపా బీరును పింటు లెక్కన అమ్ముతారు. పింటు అనగా 568 మిల్లీలీటర్లు. ఘాటైన బీర్లను క్రాఫ్ట్ శాలలలో మూడోవంతు పింటు గ్లాసులలో ఇచ్చుట పరిపాటి. మూడింట రెండు వంతుల కొలతకు 2011లో చట్టం అనుమతించినది. 18 సంవత్సరాలలోపు వారికి మద్యం అమ్మడం నేరం.

విక్రయాలు, అద్దె సమస్య

ఈ తయారీశాలల విజయం రెండు మార్పులకు దారితీసినది. మొదటిది, పెద్ద కంపెనీలు వీటిని కొనివేయుట. కామ్డెన్ టౌన్‌ను 2015లో ఏబీ ఇన్‌బెవ్ కొన్నది. బీవర్‌టౌన్‌లో 2018లో వాటా తీసుకున్న హైనెకెన్, 2022లో పూర్తిగా స్వాధీనం చేసుకున్నది. బ్రిక్స్‌టన్ కూడ 2021 నాటికి దాని పరమైనది. ఫుల్లర్స్ బీరు వ్యాపారం 2019లో జపానుకు చెందిన అసాహి చేతికి వచ్చినది. 1999లో స్థాపితమైన గ్రీనిచ్ మీన్‌టైమ్ సంస్థ కూడ చేతులు మారి అసాహి కిందికి చేరగా, దాని తయారీని 2024లో చిజిక్‌కు తరలించారు. పేరు గ్రీనిచ్‌దే, బీరు మాత్రం చిజిక్‌ది.

రెండవది అద్దె. బ్రిటనులోని సుమారు 5,200 రైల్వే వాణిజ్య స్థలాలను, వాటిలో అత్యధికం కమానులే, నెట్‌వర్క్ రైల్ 2019లో 146 కోట్ల పౌండ్లకు ప్రైవేటు పెట్టుబడిదారులకు అమ్మివేసినది. అద్దెలు పెరుగుతాయని భయపడిన కమానుల అద్దెదారులు అంతకు ముందు సంవత్సరమే గార్డియన్స్ ఆఫ్ ద ఆర్చెస్ అనే సంఘంగా ఏర్పడినారు. వారిలో బీరు తయారీదారులతోపాటు మెకానిక్కులు, రొట్టెలు చేసేవారు కూడ ఉన్నారు. జనాన్ని రప్పించి పేటకు పేరు తెచ్చినవారే పెరిగిన అద్దెను భరించవలసి రావడం వారి ప్రధాన ఆందోళన. భూమి ధర పెరిగి యంగ్స్, ట్రూమన్ వంటి పెద్ద తయారీశాలలు నగరాన్ని విడిచినవి. చవకగా దొరికిన చోట్ల వాటి స్థానాన్ని పూరించిన చిన్న తయారీశాలలకు కూడ ఇప్పుడు అదే ప్రశ్న ఎదురైనది.